వాడిన పోర్టబుల్ ఏసీ అమ్మకం: ఎంతకు, ఎవరికి, ఏమి చెప్పి అమ్మాలి?

మియాపూర్_అద్దెవాసి | 22 మార్చి 2026, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. మేము మియాపూర్‌లో మూడవ అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. గోడకు రంధ్రం వేయడానికి ఇంటి యజమాని ఒప్పుకోకపోవడం, బయటి యూనిట్ పెట్టడానికి బాల్కనీ కూడా లేకపోవడంతో 2023 ఏప్రిల్‌లో ఒక టన్ను పోర్టబుల్ ఏసీని 36,000 రూపాయలకు కొన్నాను. మూడు వేసవులు, రాత్రిపూట మాత్రమే, పది అడుగులకు పదకొండు అడుగుల పడకగదిలో వాడాము. వచ్చే నెల సొంత ఫ్లాట్‌లోకి మారుతున్నాము. అక్కడ స్ప్లిట్ ఏసీ బిగించుకునే వీలుంది కాబట్టి దీనిని అమ్మదలచుకున్నాను.

కొన్నప్పటి బిల్లు ఉంది. చక్రాలు బాగున్నాయి. వేడిగాలి గొట్టాన్ని యంత్రానికి పట్టి ఉంచే ప్లాస్టిక్ కాలరుకు ఉన్న రెండు కొక్కేలలో ఒకటి విరిగింది. రిమోట్ వెనుక మూత పోయింది. పోయిన సంవత్సరం మే నెలలో ఒకసారి నీటి గుర్తు వెలిగి యంత్రం ఆగిపోయింది, అడుగున ఉన్న నీటిని తీసివేస్తే మళ్లీ నడిచింది. వేదిక నియమాన్ని పాటించి కంపెనీ పేరు రాయడం లేదు.

ఇరవై వేలు అడగవచ్చునని నా ఆలోచన. ఆ ధర న్యాయమేనా? అమ్మే ముందు ఏమేమి సరిచేయించాలి? కొనేవారికి ఏయే విషయాలు చెప్పడం నా బాధ్యత? పెద్దలు సలహా ఇవ్వగలరు.

శీతల_మరమ్మతు | 22 మార్చి, ఉదయం 9:15

ఇరవై ఏళ్లకు పైగా ఏసీల మరమ్మతు పనిలో ఉన్నాను. ధర సంగతి తరువాత చూద్దాము, ముందు నాలుగు విషయాలు చెప్పండి. మూడేళ్లలో ఎప్పుడైనా గ్యాస్ నింపించారా? యంత్రం వెనుక అంటించిన పట్టీ మీద గ్యాస్ పేరు ఏమని ఉంది? ఎప్పుడైనా పడుకోబెట్టి తరలించారా? ఏ సాకెట్‌కు కలిపి వాడారు?

గ్యాస్ గురించి ముందుగా అడగడానికి కారణం ఉంది. ఏసీలో గ్యాస్ పెట్రోలు మాదిరిగా వాడకంతో అయిపోయేది కాదు. మూసిన గొట్టాలలో అదే గ్యాస్ ద్రవంగా మారుతూ, మళ్లీ వాయువుగా మారుతూ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. “గ్యాస్ నింపించాము, కొత్తదానిలా ఉంది” అని ప్రకటనలో రాసేవారు అది గొప్పగా భావిస్తారు గాని, తెలిసినవాడు ఆ వాక్యం చదివి వెనక్కు తగ్గుతాడు.

మియాపూర్_అద్దెవాసి | 22 మార్చి, ఉదయం 10:02

గ్యాస్ ఎన్నడూ నింపించలేదు. పట్టీ మీద ఆర్-410ఏ అని, శక్తి 1,250 వాట్లు అని ఉంది. దుకాణం నుంచి వచ్చిన రోజు తప్ప ఇల్లు దాటలేదు. గదిలో గీజరు కోసం వేసిన 16 ఆంపియర్ల సాకెట్ ఉంటే దానికే కలిపాము.

లెక్కల_మాస్టారు | 22 మార్చి, మధ్యాహ్నం 12:30

ధర గురించి నా లెక్క ఇది. మీరు 36,000 ఇచ్చినప్పుడు ఏసీల మీద జీఎస్టీ 28 శాతం. అంటే అందులో సరుకు ధర 28,125, పన్ను 7,875. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్ను 18 శాతానికి తగ్గింది. సరుకు ధర మారలేదనుకున్నా, అదే యంత్రం ఈనాడు 33,200 రూపాయల దగ్గర దొరకాలి. పాత వస్తువును కొనేవాడు మీ బిల్లును చూడడు, ఈనాడు కొత్తది ఎంతకు వస్తుందో చూస్తాడు. అందువల్ల మీ లెక్క 36,000 దగ్గర కాదు, 33,200 దగ్గర మొదలు కావాలి.

మొదటి ఏడాదికి 30 శాతం, ఆ తరువాత మిగిలిన విలువలో ఏడాదికి 15 శాతం చొప్పున తీసివేయడం నా పద్ధతి. అలా చూస్తే 16,800 వస్తుంది. విరిగిన కొక్కేనికి, రిమోట్ మూతకు కొంత తీసివేయాలి. పోర్టబుల్ ఏసీ కావాలని వెతికేవారు స్ప్లిట్ కోసం వెతికేవారికంటే చాలా తక్కువ, దానికీ కొంత తగ్గించాలి. పదమూడు, పదిహేను వేల మధ్య బేరం కుదిరితే ఇద్దరికీ న్యాయం జరిగినట్లే.

మీ వస్తువుకు ఒక బలం లేకపోలేదు. పాత స్ప్లిట్ కొన్నవాడు దానిని విప్పించడానికి, మళ్లీ బిగించడానికి, రాగి గొట్టానికి, అవసరమైతే గ్యాస్‌కు విడిగా ఖర్చు పెట్టాలి. మీ దానికి ఆ ఖర్చు లేదు, తీసుకువెళ్లి సాకెట్‌కు కలపడమే. ప్రకటనలో ఈ మాట రాయండి.

కాలం కూడా చూసుకోవాలి. ఉగాది వెళ్లింది, ఎండ ముదురుతున్నది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అంటారు గదా, అంతదాకా ఆగితే ఇంకా ఎక్కువ ధర వస్తుందని ఆశపడకండి. మృగశిర కార్తెతో తొలకరి పడిందంటే ఈ వస్తువును అడిగేవారే ఉండరు. మార్చి చివర, ఏప్రిల్ మొదట అమ్మినవారికే మంచి ధర వస్తుంది.

పాతబస్తీ_పాఠకుడు | 22 మార్చి, మధ్యాహ్నం 1:10

ఇంత శ్రమ ఎందుకు? ఇనుప సామాను కొనేవారికి ఇస్తే అదే రోజు ఇంటికి వచ్చి తీసుకుపోతారు గదా.

శీతల_మరమ్మతు | 22 మార్చి, మధ్యాహ్నం 1:45

నడుస్తున్న యంత్రాన్ని తూకానికి వేయడం తగదు. వాళ్లు రాగి కోసం గొట్టాన్ని కోసి గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తారు. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-410ఏ సుమారు రెండు వేల కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. యంత్రం నిజంగా పాడైపోయిన రోజున కూడా, 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల కింద నమోదైన రీసైక్లింగ్ కేంద్రానికే అప్పగించాలి.

బెజవాడ_గృహిణి | 22 మార్చి, సాయంత్రం 6:20

నమస్కారమండీ. మాది విజయవాడ. ఈ ఏసీని నేను తీసుకోవాలనుకుంటున్నాను. మా హాలు పద్దెనిమిది అడుగులకు పన్నెండు అడుగులు, వంటగది దానిలోకే తెరుచుకుంటుంది. మా అత్తగారికి ఎనభై ఏళ్లు, పగలంతా హాలులోనే దివాన్ మీద పడుకుంటారు. చక్రాలున్నాయి కాబట్టి పగలు హాలులోనూ రాత్రి పడకగదిలోనూ పెట్టుకోవచ్చునని అనుకున్నాను. పదిహేను వేలకు ఇస్తే మా తమ్ముడు వచ్చి తీసుకువెళ్తాడు. దీనిలో రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు పోయాలి?

మియాపూర్_అద్దెవాసి | 22 మార్చి, రాత్రి 8:05

అమ్మా, మీరు అడిగిన ధర నాకు సమ్మతమే. అయినా మీ హాలు కొలతలు చూసిన తరువాత వెంటనే సరేననడానికి మనసు ఒప్పడం లేదు. శీతల_మరమ్మతు గారు చెప్పిన తరువాత నిర్ణయించుకుందాము. నీళ్లు పోయవలసినది కూలరుకు, దీనికి ఆ అవసరం లేదు. ఇది గదిలోని గాలి నుంచే తేమను తీస్తుంది, అందువల్ల దీని నుంచి నీళ్లు బయటకు వస్తాయి.

శీతల_మరమ్మతు | 22 మార్చి, రాత్రి 9:30

అమ్మా, మీ అత్తగారి గురించి రాశారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ హాలుకు ఇది పనికిరాదు.

కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకనే చాలామంది ఈ రకం ఏసీని కొని, యంత్రం చెడ్డదని నిందిస్తారు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలిని గదిలోనే తిప్పుతుంది, వేడిని మాత్రం రాగి గొట్టం ద్వారా బయటి యూనిట్‌కు చేరవేస్తుంది. ఒక్క గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ అలా చేయదు. తన కండెన్సరును, అంటే గ్యాస్ తన వేడిని వదిలే భాగాన్ని, చల్లార్చుకోవడానికి గదిలోని గాలినే పీల్చి, దానిని వేడిచేసి, గొట్టం ద్వారా కిటికీ బయటకు తోసివేస్తుంది. బయటకు పోయిన గాలి స్థానంలో మరొక గాలి రావాలి గదా? అది తలుపు కింద సందు నుంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి, వంటగది నుంచి వస్తుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు అనుకుంటే అందులో ఉండే గాలి 34 ఘనమీటర్లు. యంత్రం గంటకు 300 ఘనమీటర్లు బయటకు తోస్తే, ఆ గది గాలి మొత్తం గంటకు దాదాపు తొమ్మిది సార్లు మారిపోయినట్లు. మే నెలలో మీ ఊరిలో బయట 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆ గాలే లోపలికి వస్తుంది. తలుపు వేసిన చిన్న గదిలో, పక్క గది గాలి కొంత చల్లగా ఉన్నచోట ఈ నష్టాన్ని యంత్రం తట్టుకుంటుంది. వంటగది తెరుచుకుని ఉన్న పెద్ద హాలులో తట్టుకోలేదు. చల్లగాలి వచ్చే వైపు యంత్రం ముందు కూర్చున్నవారికి తప్ప మరెవరికీ చల్లదనం తెలియదు.

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం). ఆ అంకె యంత్రం లోపల జరిగే పనికి సంబంధించినది, గదిలో నికరంగా మిగిలే చల్లదనానికి సంబంధించినది కాదు.

మీ ఊరి తేమ మరొక ఇబ్బంది. హైదరాబాదు వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, తీసిన తేమను యంత్రం చాలావరకు వేడిగాలితో కలిపి బయటకు పంపేస్తుంది. కృష్ణాతీరంలో, విశాఖలో అలా కాదు. అడుగున నీళ్లు త్వరగా నిండి, గుర్తు వెలిగి, యంత్రం ఆగుతుంది. మధ్యాహ్నం ఎండలో పెద్దామె ఒక్కరే ఉన్నప్పుడు అలా ఆగితే లేచి నీళ్లు తీయగలరా? మీది సొంత ఇల్లయితే ఆ డబ్బుకు మరికొంత కలిపి హాలులో ఒకటిన్నర టన్ను స్ప్లిట్ పెట్టించండి.

సియాటిల్_తెలుగు | 23 మార్చి, ఉదయం 6:10

శీతల_మరమ్మతు గారు చెప్పినది అక్షరాలా నిజం. 2021 జూన్ 28న మా సియాటిల్‌లో 108 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 42 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఏసీ ఉండదు. ఆ వారం మావాళ్లందరూ దొరికిన పోర్టబుల్ ఏసీని దొరికిన ధరకు కొన్నారు, సెప్టెంబరు నుంచి సగం ధరకు అమ్ముకున్నారు. అమెరికా ఇంధన శాఖ ఈ గాలి నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పరీక్షను పెట్టడంతో ఇక్కడ పెట్టె మీద రెండు అంకెలు కనిపిస్తాయి. 14,000 బీటీయూలు అని పెద్ద అక్షరాలతో ఉన్న యంత్రానికి, కొత్త పరీక్ష ప్రకారం పక్కన 10,000 అనో అంతకంటే తక్కువో చిన్న అక్షరాలతో ఉంటుంది. రెండు గొట్టాలున్న రకం బయటి గాలితోనే కండెన్సరును చల్లార్చుకుంటుంది కాబట్టి ఈ నష్టం తక్కువ.

మరొక మాట. ఇక్కడి నుంచి తిరిగి వచ్చేవారు తమ యంత్రాన్ని ఓడ సామానులో వేసుకుని తేవద్దు. ఇక్కడివి 115 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినవి.

బెజవాడ_గృహిణి | 23 మార్చి, ఉదయం 8:30

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్ముడుపోతున్న వస్తువును ఆపి మరీ చెప్పారు. మా వారితో మాట్లాడాను, స్ప్లిట్ పెట్టిస్తాము. అద్దెవాసి గారూ, ఏమీ అనుకోకండి.

మియాపూర్_అద్దెవాసి | 23 మార్చి, రాత్రి 9:50

అనుకోవడానికి ఏముందమ్మా. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఈరోజు సాయంత్రం యంత్రాన్ని శుభ్రం చేశాను. చేసినది చేసినట్టు రాస్తున్నాను, అమ్మదలచుకున్న మరొకరికి ఉపయోగపడవచ్చు. ముందుగా వెనుక జాలీలు రెండూ తీసి, సబ్బునీళ్లలో నానబెట్టి కడిగి నీడలో ఆరబెట్టాను. పై జాలీకి పట్టిన దుమ్ము దుప్పటి పొరలాగా ఒక్క ముక్కగా ఊడివచ్చింది. జాలీ వెనుక సన్నని అల్యూమినియం రేకుల మీద మెత్తని కుంచెను పైనుంచి కిందకు మాత్రమే నడిపాను, అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయి. తరువాత యంత్రాన్ని రెండు ఇటుకల మీదకు ఎత్తి, అడుగున ఉన్న రబ్బరు బిరడా తీసి, వెడల్పాటి స్టీలు పళ్లెం పెట్టాను. అర లీటరు దాకా నీళ్లు వచ్చాయి. మొదట తేటగా వచ్చి, చివరలో నల్లని జిగురు వచ్చింది. నిరుడు యంత్రాన్ని మూలకు పెట్టేటప్పుడు ఆరబెట్టలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. మూడుసార్లు మంచినీళ్లు పోసి తీశాక, ఫ్యాను మాత్రమే నాలుగు గంటలు నడిపాను. పోయిన వేసవి చివర వచ్చిన ముక్క వాసన ఇప్పుడు లేదు.

ఆ తరువాత 18 డిగ్రీల మీద పెట్టి ఇరవై నిమిషాలు నడిపి, వంటింటి థర్మామీటరుతో కొలిచాను. లోపలికి పీల్చే గాలి 32 డిగ్రీలు, బయటకు వచ్చే చల్లగాలి 20.5. సాకెట్‌కు తగిలించే కొలత యంత్రం స్నేహితుడి దగ్గర తెచ్చి చూస్తే 1,180 వాట్లు చూపింది.

శీతల_మరమ్మతు | 23 మార్చి, రాత్రి 10:20

తేడా పదకొండున్నర డిగ్రీలు వచ్చిందంటే యంత్రం ఆరోగ్యంగా ఉంది. ఎనిమిది లోపు వస్తే అనుమానించాలి. రాగి గొట్టాల అతుకుల దగ్గర నూనె మరక లేదని కూడా ఒక ఫొటో తీసి పెట్టండి. గ్యాస్ కారేచోట కంప్రెసరు నూనె కూడా చెమ్మగా కనబడుతుంది.

విరిగిన కొక్కేన్ని జిగురుతో అతికించకండి. గొట్టం వేడికి జిగురు సడలుతుంది. కాలరు సర్వీసు కేంద్రంలో విడిగా దొరకవచ్చు, అడగండి. దొరకకపోతే విరిగిందని చెప్పి ధర తగ్గించండి. గొట్టాన్ని కూడా ఇంకొక గొట్టంతో పొడిగించకండి. పొడవు పెరిగిన కొద్దీ ఫ్యానుకు భారమై, వేడి గదిలోనే మిగిలిపోతుంది.

మియాపూర్_అద్దెవాసి | 25 మార్చి, ఉదయం 11:15

పాత వస్తువులు అమ్మే ఒక యాప్‌లో నిన్న ప్రకటన పెట్టాను. పావుగంటలో ఒకాయన సందేశం పంపారు. తాను సైన్యంలో పనిచేస్తున్నానని, యంత్రాన్ని చూడవలసిన పని లేదని, అడిగిన పద్దెనిమిది వేలూ ఇప్పుడే పంపుతానని రాశారు. ఒక క్యూఆర్ కోడ్ పంపి, దానిని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు నా ఖాతాలో పడుతుందన్నారు. నాకు అనుమానం వచ్చి ఆగాను. చెప్పండి.

విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి | 25 మార్చి, ఉదయం 11:28

వెంటనే ఆపివేయండి, జవాబు కూడా ఇవ్వకండి. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు, స్కాన్ చేయవలసిన అవసరమూ లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచి డబ్బు పోతున్నదని అర్థం. వస్తువును చూడకుండా, బేరం ఆడకుండా, అడిగినంత ఇస్తానన్నవాడు కొనడానికి వచ్చినవాడు కాదు. సైనికుడినని చెప్పుకోవడం వీరికి అలవాటైన ఎత్తు.

నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో కౌంటరు ముందు ఏడ్చిన వారిని చూశాను కాబట్టి ఇంత గట్టిగా రాస్తున్నాను. ఎవరైనా ఇలా డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి ఊరుకోకుండా, ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటలోనే చెప్పినవారి డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం ఎక్కువ. నిజమైన కొనుగోలుదారు వచ్చినప్పుడు కూడా, ఆయన ఫోనులో చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ పెరిగిందని చూసుకున్న తరువాతనే యంత్రాన్ని గుమ్మం దాటించండి.

నిజాంపేట_నర్సు | 27 మార్చి, సాయంత్రం 5:40

నమస్కారం. నేను ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తాను. ఉదయం తొమ్మిదింటికి ఇంటికి వచ్చి సాయంత్రం నాలుగింటి వరకు నిద్రపోవాలి. మా గది పది అడుగులకు పది అడుగులు, పడమటి గోడ. పోయిన మే నెలలో తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాను. అద్దె ఇల్లు, గోడకు రంధ్రం వేయనివ్వరు. కిటికీ జరిపే అద్దాల రకం, బయటి వైపు ఇనుప గ్రిల్ ఉంది. గదిలో 16 ఆంపియర్ల సాకెట్ ఉంది. పైన రాసినదంతా చదివాను, అయినా నాకు ఇది పనికివస్తుందనే అనిపిస్తున్నది. శబ్దం ఎంత ఉంటుంది? కరెంటు ఎంత అవుతుంది? నేను పన్నెండు వేలు ఇవ్వగలను.

మియాపూర్_అద్దెవాసి | 27 మార్చి, సాయంత్రం 6:30

అమ్మా, శబ్దం ఉంటుంది, దాచను. కంప్రెసరు మంచం పక్కనే ఉంటుంది గదా. స్ప్లిట్ ఏసీ కింద పడుకున్నట్లు ఉండదు, పాత ఫ్రిజ్ పక్కన, టేబుల్ ఫ్యాను వేగంగా తిరుగుతుండగా పడుకున్నట్లు ఉంటుంది. మా అబ్బాయికి వారంలో అలవాటైంది, మా ఆవిడకు మొదటి వేసవి అంతా ఇబ్బందిగానే ఉంది. ఆదివారం వచ్చి, తలుపు వేసుకుని అరగంట ఆ గదిలో కూర్చుని చూడండి, తరువాతే ధర మాట్లాడుకుందాము.

లెక్కల_మాస్టారు | 27 మార్చి, రాత్రి 7:15

కరెంటు సంగతి. కొలిచిన 1,180 వాట్లను బట్టి, కంప్రెసరు ఆగకుండా నడిస్తే గంటకు 1.2 యూనిట్లు. ఏడు గంటల నిద్రకు ఎనిమిది యూనిట్లకు పైమాట, నెలకు 250. పడమటి గోడ, పగటి వాడకం కాబట్టి కంప్రెసరు ఆగుతుందని ఆశించకండి. మీ ఇంటికి తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్నట్లయితే ఇది ముఖ్యం. నెల వాడకం 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకు మాత్రమే కాక ఆ నెల బిల్లు మొత్తం మీరే కట్టుకోవాలి. ఏప్రిల్, మే రెండు నెలలకు ఆ ఖర్చును ఏసీ ధరలో కలుపుకుని లెక్క చూసుకోండి.

నిజాంపేట_నర్సు | 27 మార్చి, రాత్రి 8:00

సున్నా బిల్లు మాకు రాదు, కాబట్టి ఆ బాధ లేదు. నిద్ర లేకుండా వార్డులో మందులు లెక్కపెట్టడం కంటే ఆ బిల్లు నాకు భారం కాదు మాస్టారూ.

శీతల_మరమ్మతు | 27 మార్చి, రాత్రి 8:40

గది, కిటికీ, సాకెట్ మూడూ సరిపోయాయి. ఒక్కటి అడగాలి. ఆ గదికి ఆనుకుని ఉన్న స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉందా?

నిజాంపేట_నర్సు | 27 మార్చి, రాత్రి 8:52

ఉంది. ఎందుకు అడిగారు?

శీతల_మరమ్మతు | 27 మార్చి, రాత్రి 9:10

ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఈ ఏసీ గది గాలిని బయటకు తోస్తూ ఉన్నప్పుడు గదిలో పీడనం కొద్దిగా తగ్గి, ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి గాలిని లాక్కుంటుంది. పక్కన గ్యాస్ గీజరు మండుతుంటే, పైకి పోవలసిన దాని పొగను కూడా గదిలోకి లాగవచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవారికి అసలే తెలియదు. మీరు పడుకున్న వేళ ఇంట్లో మరొకరు స్నానానికి గీజరు వేస్తే ప్రమాదం. ఏసీ నడిచినంతసేపు ఆ గీజరు వెలగకూడదు. బొగ్గుల కుంపటి, కిరోసిన్ స్టవ్ వంటివి కూడా ఇంట్లో మండకూడదు.

నిజాంపేట_నర్సు | 27 మార్చి, రాత్రి 9:35

మా వార్డుకు అటువంటి కేసు ఒకటి వచ్చింది. అందుకని మీరు రాసినది రెండుసార్లు చదివాను. ఏసీ ఇంటికి వచ్చిన రోజు నుంచే గీజరు సిలిండరు రెగ్యులేటరును విప్పి పక్కన పెడతాము, వానలు పడి ఏసీ మూలకు పెట్టిన తరువాతే మళ్లీ బిగిస్తాము. ఇంట్లో ఉండే చెల్లెలికి కూడా చెప్పాను. ఆదివారం వస్తున్నాము.

మియాపూర్_అద్దెవాసి | 29 మార్చి, రాత్రి 8:15

నర్సు గారు చెల్లెలితో కలిసి వచ్చి, తలుపు వేసుకుని నలభై నిమిషాలు కూర్చున్నారు. సగంలో చెల్లెలు కునుకు తీసిందట, శబ్దం పరీక్ష అలా పూర్తయింది. కాలరు సర్వీసు కేంద్రంలో దొరకలేదు. దానికి, రిమోట్ మూతకు తగ్గించి పదమూడు వేలకు ఒప్పందం కుదిరింది. గ్రిల్ ఉన్న కిటికీ కోసం నేను మూడేళ్ల క్రితం వడ్రంగి చేత కోయించిన ప్లైవుడ్ పలకను కూడా ఇచ్చాను. వారి కిటికీ నాలుగు అంగుళాలు పొట్టిది, కింది భాగం కోసుకుంటే సరిపోతుంది.

విశ్రాంత_బ్యాంకు_ఉద్యోగి గారి సలహా ప్రకారం బ్యాంకు యాప్‌లో చూసుకున్నాను. ఒక తెల్లకాగితం మీద ఇలా రాసి ఇద్దరమూ సంతకం చేశాము: “2023 ఏప్రిల్‌లో కొన్న ఒక టన్ను పోర్టబుల్ ఏసీని, ఇందులో రాసిన సీరియల్ నంబరు గలదానిని, నడిపి చూపించి, కాలరు కొక్కెం ఒకటి విరిగినదనియు, రిమోట్ మూత లేదనియు, ఒకసారి నీరు నిండి ఆగినదనియు తెలియజేసి, 13,000 రూపాయలకు ఈ దినము అమ్మడమైనది. ఏడు రోజులలోగా చల్లదనం రాకపోతే యంత్రాన్ని వెనక్కు తీసుకుని పూర్తి సొమ్ము ఇవ్వగలవాడను.” చివరి వాక్యం వారు అడగలేదు, నేనే కలిపాను. అసలు బిల్లు కూడా వారికే ఇచ్చాను. కంప్రెసరుకు ఐదేళ్ల వారంటీ బిల్లులో ఉంది, బిల్లు, సీరియల్ నంబరు ఉంటే చాలునని సర్వీసు కేంద్రంవారు ఫోనులో చెప్పారు.

ట్రాలీ ఆటోలో నిలబెట్టే పంపాను. ముప్పై కిలోల బరువు, ఇద్దరు పట్టుకుంటే దిగుతుంది. గతుకులకు ఒరిగిపోకుండా రెండు వైపులా పరుపులు పెట్టి, నైలాన్ తాడుతో కట్టాము.

శీతల_మరమ్మతు | 29 మార్చి, రాత్రి 8:50

నిలబెట్టే తీసుకువెళ్లారు కాబట్టి రెండు గంటలు ఆగి నడపవచ్చు. దారిలో ఎక్కడైనా పడుకోబెట్టి ఉంటే మాత్రం కంప్రెసరు నూనె గొట్టాలలోకి పాకుతుంది, అది తిరిగి దిగేదాకా ఒక రోజు నిలబెట్టి ఉంచాలి. నర్సు గారూ, రెండు వారాలకు ఒకసారి జాలీలు కడగండి, గొట్టానికి పాత దుప్పటి చుట్టండి. ఆ గొట్టమే గదిని తిరిగి వేడిచేస్తుంది.

నిజాంపేట_నర్సు | 4 ఏప్రిల్, సాయంత్రం 4:30

ఆరు రోజులు వాడాక రాస్తున్నాను. ప్లైవుడ్ పలకను కోయించి, సందుల్లో స్పాంజి పట్టీ అంటించాము. తలుపు కింద పాత చీర మడతపెట్టి పెట్టడం మా చెల్లెలి ఆలోచన. అది పెట్టాక హాలులోని వేడిగాలి రావడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. గొట్టానికి దుప్పటి చుట్టాను. పడమటి ఎండ తగిలే కిటికీ అద్దానికి లోపలి నుంచి అట్టముక్కలు అడ్డం పెట్టాము. బయట 39 ఉన్న మధ్యాహ్నం గదిలో 27 డిగ్రీలు నిలిచింది, అంతకంటే తగ్గలేదు. నాకు 27 చాలు. మొదటి రెండు రోజులు శబ్దానికి మెలకువ వచ్చింది, మూడవ రోజు నుంచి చెవుల్లో దూది పెట్టుకున్నాను. నీటి గుర్తు ఇంతవరకు వెలగలేదు. గీజరు రెగ్యులేటరు బీరువాలో ఉంది. అద్దెవాసి గారూ, మీరు రాసిన ఏడు రోజుల గడువుతో ఇక పని లేదు, ఆ పదమూడు వేలు నిశ్చింతగా వాడుకోండి.

మియాపూర్_అద్దెవాసి | 4 ఏప్రిల్, రాత్రి 9:05

సంతోషమమ్మా. ఇల్లు సర్దుతుంటే రిమోట్ మూత మంచం వెనుక దొరికింది. ఆదివారం అటువైపు వస్తాను, తెచ్చి ఇస్తాను.